ప్రశ్నించిన పాఠకులు: 'అల్ ముఖ్తతఫ్' పత్రిక చరిత్ర

విజ్ఞానశాస్త్రం ఒక సమాజానికి సొంతం కావాలంటే దానిని బోధించే పండితులుంటే చాలదు. సామాన్య పాఠకుడు తన భాషలో దానిని చదవగలగాలి, సందేహం కలిగితే అడగగలగాలి. పందొమ్మిదవ శతాబ్దపు అరబ్బు ప్రపంచంలో ఇందుకు చక్కని నిదర్శనం 'అల్ ముఖ్తతఫ్' మాసపత్రిక.

యాఖూబ్ సర్రూఫ్, ఫారిస్ నిమ్ర్ అనే ఇద్దరు యువ అధ్యాపకులు 1876లో బైరూత్‌లో దీనిని ప్రారంభించారు. వారు అరబ్బు క్రైస్తవులు. అమెరికన్ మిషనరీలు నెలకొల్పిన సిరియన్ ప్రొటెస్టెంట్ కళాశాలలో పనిచేసేవారు. ముఖ్తతఫ్ అంటే ఏరి కూర్చినది అని అర్థం. ఖగోళం, రసాయనం, వ్యవసాయం, పరిశ్రమలు, ఆరోగ్యం వంటి విషయాలను అందులో సులభమైన అరబీలో వివరించేవారు. పాఠకులు పంపే ప్రశ్నలకు జవాబులిచ్చే 'మసాయిల్' శీర్షిక పత్రికకు ప్రత్యేకతను తెచ్చింది.

ఆ కళాశాల మొదట అరబీలోనే బోధించేది. 1880ల దశకం ముగిసేలోగా వైద్యశాఖతో సహా ఇంగ్లీషుకు మారింది. కళాశాల విడిచిన భాషను పత్రిక విడువలేదు.

1882లో ప్రొఫెసర్ ఎడ్విన్ లూయిస్ స్నాతకోత్సవ ప్రసంగంలో డార్విన్‌ను గౌరవంగా ప్రస్తావించాడు. ముఖ్తతఫ్ ఆ ప్రసంగాన్ని ప్రచురించింది. దానిని ఖండిస్తూ వచ్చిన లేఖనూ, లూయిస్ సమాధానాన్నీ కూడా ప్రచురించింది. మిషనరీ యాజమాన్యం సహించలేదు. లూయిస్ రాజీనామా చేయవలసి వచ్చింది. విద్యార్థులు నిరసన తెలిపారు. వారిలో ఒకడైన జుర్జీ జైదాన్ తరువాత 1892లో కైరోలో 'అల్ హిలాల్' పత్రికను స్థాపించాడు. సర్రూఫ్, నిమ్ర్‌లను 1884లో కళాశాల తొలగించింది. వారు పత్రికతో సహా కైరోకు తరలిపోయారు. అక్కడ అది 1952 వరకు సాగింది.

ఈ చర్చలు సాగుతున్న కాలంలోనే షామ్ ప్రాంతపు త్రిపోలీకి చెందిన ఆలిమ్ హుసైన్ అల్ జిస్ర్ 1888లో 'రిసాలా హమీదియా' వెలువరించారు. పరిణామ సిద్ధాంతానికి నిశ్చితమైన రుజువు లేనంతవరకు ముస్లిం ఖుర్ఆన్ వాక్యాల బాహ్యార్థాన్నే అనుసరిస్తాడనీ, అటువంటి రుజువే లభిస్తే వాటిని తావీల్ చేయవచ్చుననీ, అప్పుడైనా సృష్టికర్త అల్లాహ్ యేననీ ఆయన వాదించారు. ఇక్కడ గమనించవలసినది ఆయన పద్ధతి: ఆయన చర్చను నిషేధించమని కోరలేదు, వాదంతో ఎదుర్కొన్నారు.

మాతృభాషలో విజ్ఞానమనే ఈ ఆలోచన మన దక్కనులోనూ ఫలించింది. ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. నాటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ నుండి అంజుమన్ తరక్కీయె ఉర్దూ 1928లో 'సైన్స్' అనే త్రైమాసికాన్ని వెలువరించింది.

తెలుగు చదివే ముస్లిం యువకుల మనసుల్లో నేడూ ఇటువంటి సందేహాలున్నాయి. వాటిని మసీదులోనో, మద్రసాలోనో, పత్రికలోనో నిర్భయంగా అడిగే చోటు మనం కల్పించామా అన్నదే మనల్ని మనం వేసుకోవలసిన ప్రశ్న.