నాష్‌విల్ ఆడపులులు



పోలియోతో కాలు చచ్చుపడిన ఒక బాలిక పెరిగి పెద్దదై ఒలింపిక్ క్రీడలలో మూడు స్వర్ణపతకాలు గెలిచిన వైనం మన వ్యక్తిత్వవికాస ప్రసంగాలలో తరచు వినిపించేదే. ఆమె పేరు విల్మా రుడాల్ఫ్. కథ చెప్పేవారందరూ సంకల్పబలముంటే సాధ్యం కానిది లేదని ముక్తాయిస్తారు. అందులో అసత్యం లేదు, కాని ఉన్నది సగం సత్యమే. తక్కిన సగం ఒక విశ్వవిద్యాలయ చరిత్రలో దాగి ఉన్నది. ఆ సగాన్ని మీ ముందుంచడమే ఈ టపా ఉద్దేశం.

అమెరికా దక్షిణాన టెన్నెసీ రాష్ట్రానికి రాజధాని నాష్‌విల్. వర్ణవివక్ష చట్టసమ్మతమై వర్ధిల్లుతున్న రోజులలో, 1912లో, నల్లజాతి విద్యార్థుల కొరకు అక్కడ ఒక ప్రభుత్వ విద్యాసంస్థ తలుపులు తెరిచింది. అదే నేటి టెన్నెసీ స్టేట్ విశ్వవిద్యాలయం. దాని చిహ్నం పులి. కనుక అక్కడి పరుగుపందెపు యువతులకు 'టైగర్‌బెల్స్' అన్న పేరు వచ్చింది. 'బెల్' అంటే సుందరి. వ్యాఘ్రసుందరులన్నమాట! నేను ఆడపులులనే అంటాను.

1948 లండన్ ఒలింపిక్స్‌లో ఈ విద్యాలయానికి చెందిన ఆడ్రీ ప్యాటర్సన్ 200 మీటర్ల పరుగులో కంచుపతకం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకొన్న తొలి అమెరికన్ నల్లజాతి మహిళ ఆమెయే. రెండేళ్ల తర్వాత, 1950లో, ఎడ్ టెంపుల్ అనే యువకుడు మహిళల జట్టుకు శిక్షకుడయ్యాడు. అప్పటికి ఆయనకు ఇరవైమూడేళ్లు నిండలేదు. జీతం నెలకు 150 డాలర్లు. దానికే ప్రాంగణంలోని తపాలా పని కూడ చూసుకోవాలి. ఆ తర్వాత సమాజశాస్త్రం బోధించాడు. ఇంటిపేరుకు అర్థం గుడి, చేసిన పని బడిపంతులుది.

ఆయన చేతికి వచ్చినదేమిటి? గీతలైనా సరిగా లేని మట్టి దారి. క్రీడాకారిణులకు ఉపకారవేతనాలు లేవు. ప్రతి అమ్మాయీ ప్రాంగణంలో రోజుకు రెండు గంటలు పనిచేసి చదువు ఖర్చు రాబట్టుకోవాలి. పోటీలకు కార్లలో కిక్కిరిసి వెళ్లేవారు. దారిలోని భోజనశాలలు నల్లవారిని లోనికి రానీయవు గనుక అన్నం మూటకట్టుకొని బయలుదేరేవారు. కాలకృత్యాలకు దారిపక్క పొలాలే దిక్కు. అట్టి జట్టు 1955లో జాతీయ విజేత అయింది. మరుసటి ఏడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల రిలేలో అమెరికా పక్షాన పరుగెత్తిన నలుగురూ ఈ జట్టు వారే. కంచుపతకం తెచ్చారు.

ఆ నలుగురిలో పదహారేళ్ల విల్మా ఒకతె. అప్పటికింకా ఉన్నత పాఠశాల విద్యార్థిని. ఆమె కథలో సంస్థల పాత్ర ఎంతటిదో చూడండి. చిన్ననాడు క్లార్క్స్‌విల్ నుండి తల్లి ఆమెను సుమారు 50 మైళ్లు బస్సులో తీసుకువెళ్లి చికిత్స చేయించినది నాష్‌విల్‌లోని నల్లజాతివారి వైద్యకళాశాల మెహారీలో. బాస్కెట్‌బాల్ ఆటకు న్యాయనిర్ణేతగా వచ్చి ఆమె వేగాన్ని గుర్తించినవాడు టెంపుల్. వేసవి శిక్షణకు పిలిచినదీ ఆయనే. ఒకనాడు ఆమె అభ్యాసానికి అరగంట ఆలస్యంగా వస్తే నిమిషానికొకటి చొప్పున ముప్పై చుట్లు పరుగెత్తించాడట. మరునాడు ఆమె అరగంట ముందే వచ్చి కూర్చున్నది!

1960 రోమ్ క్రీడలలో విల్మా 100, 200 మీటర్ల పరుగులలో స్వర్ణాలు గెలిచింది. మూడవ స్వర్ణం రిలేది. మార్తా హడ్సన్, లూసిండా విలియమ్స్, బార్బరా జోన్స్, విల్మా: నలుగురూ మళ్లీ ఆడపులులే. చివరి మార్పిడిలో కర్ర తడబడినా గెలుపు తప్పలేదు. మూడవ పతకాన్ని ఒంటరి సంకల్పానికి కట్టబెట్టడం న్యాయమా? స్వస్థలంలో జరిగే సన్మానానికి తెల్లవారు, నల్లవారు కలసి రావాలని ఆమె పట్టుబట్టింది. 1960 అక్టోబరులో ఆ ఊరు తొలిసారి అందరినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టింది. 1963లో పట్టా పుచ్చుకొని ఆమె చిన్నపిల్లలకు పాఠాలు చెప్పింది.

విల్మాతో కథ ముగియలేదు. 1964 టోక్యోలో వయోమియా టైయస్ 100 మీటర్లలో, ఈడిత్ మెక్‌గ్వైర్ 200 మీటర్లలో స్వర్ణాలు గెలిచారు. 1968 మెక్సికోలో టైయస్ తన స్వర్ణాన్ని నిలబెట్టుకొన్నది. స్త్రీపురుషులలో ఎవరికీ అంతవరకు సాధ్యం కాని ఘనత అది. అక్కడే మాడలిన్ మానింగ్ 800 మీటర్ల పరుగు గెలిచింది. మన పి.టి. ఉష సెకనులో నూరవవంతు తేడాతో కంచుపతకానికి దూరమైన 1984 లాస్ ఏంజెలెస్ క్రీడలలోనే షాండ్రా చీజ్‌బరో రెండు రిలే స్వర్ణాలు, 400 మీటర్లలో రజతం గెలిచింది. తరువాత ఆమెయే ఆ విద్యాలయ శిక్షకురాలైంది.

మొత్తం 23 ఒలింపిక్ పతకాలు, వాటిలో 13 స్వర్ణాలు. కాని నా వంటి బడిపంతులును కదిలించే లెక్క వేరొకటి ఉన్నది. టెంపుల్ ఒలింపిక్స్‌కు పంపిన 40 మందిలో 39 మంది పట్టభద్రులయ్యారు. పరుగు కొన్నేళ్లది, చదువు జీవితకాలానిది అన్నదే ఆయన పద్ధతి.

చివరగా ఒక విచిత్రం. విద్యాసంస్థలలో స్త్రీలకు సమానావకాశాలు ఇవ్వాలని 1972లో అమెరికాలో చట్టం వచ్చింది. ధనిక విశ్వవిద్యాలయాలు యువతులకు ఉపకారవేతనాలతో తలుపులు తెరిచాయి. ప్రతిభ నలుమూలలకూ పంచుకుపోయింది, ఆడపులుల ఆధిపత్యం సడలింది. దారి వేసినవారు ఆ దారిన వచ్చినవారికి వెనుకబడిపోయారు. అయినా అది ఓటమి కాదని నా విశ్వాసం. ఎవరూ పట్టించుకోని వేళ తలుపు తెరిచి ఉంచిన బడి, తక్కిన తలుపులు తెరుచుకొన్ననాడు తన పని సగం నెరవేరిందనే అనుకోవాలి.

టెంపుల్ 1994లో పదవీవిరమణ చేశాడు. ఆ ఏడే విల్మా కన్నుమూసింది. 2016లో ఆయనా వెళ్లిపోయాడు. ఇకమీదట పిల్లలకు విల్మా కథ చెప్పేటప్పుడు ఆ మట్టి దారిని, అన్నపు మూటలను, ఆ పంతులును కూడ కలిపి చెప్పండని మనవి.

స్వస్తి.