పేదల యిండ్లు - నగరధర్మము

గృహస్థధర్మము లన్నిటికిని మొదట గృహమొకటి యుండవలయును. పల్లెలో పేదవాడు తాటాకు కప్పుకొనియైనను ఇల్లనిపించుకొనును. నగరమున వానికి నిలువ జాగాయే దుర్లభము. ఆ జాగా చూపుట ఎవరి ధర్మము? హైదరాబాదు నగరమునకు ఈ ప్రశ్న ఒక మహావిపత్తు మూలమున దాపురించినది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. పదునైదువేలమంది వరకు మరణించిరని చెప్పుదురు. ఏటి యొడ్డున ఇరుకు సందులలో మట్టియిండ్లు కట్టుకొన్నవారి పేటలు తుడిచిపెట్టుకొనిపోయెను. మరుసటియేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. వారి యోచన ననుసరించి 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు పూర్తియయ్యెను. నీటికి కట్ట కట్టిరి. మనుష్యుల మాట యేమి? అందులకై 1912లో నగరాభివృద్ధి సంస్థ, అనగా సిటీ ఇంప్రూవుమెంటు బోర్డు, ఏర్పడెను. ఆ సంస్థ పాడు పేటలను తొలగించి, వీథులు వెడల్పుచేసి, గాలియు వెలుతురును గల చిన్నయిండ్లు కట్టించి అద్దెల కొసగెను. ఇల్లు కట్టినవారే యజమానులై నిలిచి దాని మంచిచెడ్డలు చూచుట అందలి విశేషము.

ఈ పని పిమ్మట గృహనిర్మాణ మండలికి సంక్రమించెను. కూకట్‌పల్లివంటి చోట్ల గొప్ప కాలనీలు వెలసెను. అల్పాదాయవర్గమునకై కట్టిన యిండ్లకు ఎల్.ఐ.జి. అను పేరు నేటికిని నిలిచియున్నది. కాని నేటి ధరకు అల్పాదాయుడెవ్వడు వానిని కొనగలడు? ఇంటిని ఒక్కసారి అమ్మివేసిన యెడల అది సంతలో సరకగును. ఆనాటి కుటుంబము బాగుపడును, నిజమే. తరువాత వచ్చు పేదకుటుంబమునకు మాత్రము మరల జాగా యుండదు.

ఉస్మాన్ సాగరుకు కొలది మైళ్ల దూరముననే పుప్పాలగూడ యున్నది. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట ఈ ప్రాంతపు రూపురేఖలే మారెను. నేడిచ్చట ఆకాశము నంటు అపార్టుమెంట్లు కలవు. వానిని కట్టినవారికిని, వానిలో వంట వండి, నేల తుడిచి, కావలి కాయువారికిని వాని నీడ దక్కుటలేదు.

2015లో తెలంగాణ ప్రభుత్వము రెండు పడకగదుల యిండ్ల పథకమును చేపట్టెను. 2023 జూనులో కొల్లూరున 15,660 యిండ్లు ప్రారంభమయ్యెను. ఒక్కొక్కటి 560 చదరపుటడుగులు, పేదకు వెలలేనిది. ఇది సామాన్యకార్యము కాదు. అయినను లాటరీలో ఇల్లు వచ్చిన పాతబస్తీ కుటుంబము ఔటరు రింగు రోడ్డు దాపునకు తరలినప్పుడు, తల్లి చేయు పని, బిడ్డ చదువు బడి వెనుకనే నిలిచిపోవును. ఇంటికి వెలలేకపోయినను లిఫ్టునకు, నీటి మోటారునకు, దీపములకు వెల కలదు. లిఫ్టు నిలిచిననాడు పై యంతస్తులోని ముసలమ్మకు ఆ యిల్లే చెర యగును.

పేదలకు ఇల్లు నిలుపుకొను నేర్పు లేదని కొందరందురు. 1865లో లండనునందు ఆక్టేవియా హిల్ అను వనిత, రస్కిను పండితుడు కొనియిచ్చిన పాత యిండ్లను చేపట్టి ఈ మాటను వమ్ముచేసెను. ఆమె వారము వారము స్వయముగా అద్దె వసూలు చేసెడిది. ఆ వచ్చిన దానితోనే మరమ్మతులు జరిపెడిది. ఇంటింటి కష్టసుఖములు ఎరిగెడిది. అద్దె విషయమున ఆమె కఠినురాలే. కాని తన విధిని తాను తప్పలేదు గనుక వారును తప్పలేదు. ఆమె స్త్రీలకే ఈ వృత్తిలో తరిఫీదు నిచ్చెను.

మన కాలనీలకును ఇట్టి యేర్పాటు కావలయును. ప్రతి సముదాయమునకును జీతముగల నిర్వాహకురాలు, నివాసినుల సంఘము, అందరికిని తెలియు జమాఖర్చు, దాపున బడియు బస్సును ఉండవలయును. కొన్ని యిండ్లనైనను అమ్మక, దానమీయక, తక్కువ అద్దెకే శాశ్వతముగా నిలుపవలయును. అవి పుప్పాలగూడవంటి పనిగల చోటులందే యుండవలయును.

రేపు తెల్లవారుజామున మన తలుపు తట్టు పనిమనిషిని, అమ్మా, నీవెంత దూరమునుండి వచ్చుచున్నావని ఒకసారి అడిగి చూతము. ఆమె చెప్పు ఉత్తరమే మన నగరధర్మమునకు కొలబద్ద.