చీకటి గదిలో పసుపు చుక్కలు

గదిలో లైటు లేదు. కంప్యూటర్ తెర వెలుతురు కూడా తగ్గించేశారు. కాలిఫోర్నియాలో, స్టాన్‌ఫర్డ్ ఆవరణలో ఉన్న కార్నెగీ సంస్థ వృక్షశాస్త్ర విభాగం ఇది. 2006కి కాస్త ముందటి రోజులు. మీ ఎదురుగా స్పిన్నింగ్ డిస్క్ మైక్రోస్కోపు, చేతిలో అల్యూమినియం రేకు చుట్టిన పెట్రి ప్లేటు.

రేకు విప్పండి. అగర్ మీద పాలిపోయిన మొలకలు వరసగా నిలబడి ఉన్నాయి. అరాబిడాప్సిస్. ఆవాల కుటుంబమే గానీ, దీని విత్తనం ముందు ఆవగింజ కూడా బండరాయే: అర మిల్లీమీటరు ఉంటే గొప్ప. మూడు రోజులుగా వెలుగు ముఖం చూడలేదు. అందుకే ఉన్న శక్తంతా పొడుగు సాగడానికే పెట్టేసింది, దారపు ముక్కంత కాండం. గట్టిగా పట్టుకుంటే నలిగిపోతుంది. పైనున్న కొక్కెం వంపు కింద ఫోర్సెప్స్ దూర్చి, ఎత్తి, నీటిబొట్టులో పడుకోబెట్టండి. మీద పల్చటి గాజు పలక.

ఫోకస్ మరను గోరంత తిప్పండి. ముందు మసక. ఇంకొంచెం. కణకవచం దాటి, దాన్ని లోపలినుంచి ఆనుకుని ఉన్న పొర దగ్గర ఆగండి. ఇప్పుడు కనబడతాయి, నల్లటి తెర మీద పసుపు చుక్కలు.

కదలడం లేదేమిటి అనిపిస్తుంది. కదులుతున్నాయి. నిమిషానికి సగటున 330 నానోమీటర్లు. ఆ లెక్కన తల వెంట్రుక మందం దాటడానికి మూడు గంటల పైమాటే. పది సెకన్లకో ఫొటో తీసి, అన్నీ కలిపి గబగబా తిప్పి చూడండి. చుక్కలు తిన్నటి గీతల మీద సాగిపోతున్నాయి. ఒకే గీత మీద ఎదురెదురుగా కూడా, చేలగట్టు మీద వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ లాగా.

ఒక్కో చుక్కా సెల్యులోజ్ నేసే యంత్రం. ఇక్కడి పరిశోధకులు అలెగ్జాండర్ పరేడెజ్, క్రిస్ సోమర్‌విల్, డేవిడ్ ఎర్హార్ట్ ఆ యంత్రంలోని ఒక ప్రోటీన్‌కి పసుపుగా మెరిసే ప్రోటీన్ తగిలించారు, అందుకే కనబడుతోంది. లోపల గ్లూకోజ్ అందుకుంటుంది, బయటికి గొలుసులు వదులుతుంది. గొలుసులు కొన్ని కలిసి మూడు నానోమీటర్ల మందం పోగు అవుతాయి. మన గుంటూరు పత్తి పోగులో దాదాపు అంతా ఇదే సరుకు. అన్నట్టు, పత్తి పోగు మొత్తం ఒకే ఒక్క కణం.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి వేరే ఉంది. ఈ చుక్కలను లాగే ఇంజనంటూ ఏదీ లేదు. వదిలిన పోగు కవచంలో ఇరుక్కుంటుంది. వెనకనుంచి కొత్త పోగు వస్తూ ఉంటే, ఆ తోపుడుకి యంత్రమే జరుగుతుందని ఇప్పటి వివరణ. పట్టుపురుగు దారం వదలడం కాదు, దారమే పురుగును నెట్టడం!

మరి దారి ఎవరు చూపుతున్నారు? వృక్షశాస్త్రవేత్త పాల్ గ్రీన్ 1962లో నిటెల్లా అనే నాచుకి, కణవిభజనలో కండెపోగులను చెడగొట్టే కాల్చిసిన్ పెట్టి, ఆ కండెపోగుల్లోని ప్రోటీన్ల లాంటివే లోపలినుంచి దారి చూపుతుండాలని ఊహించాడు. అప్పటికి ఆ ప్రోటీన్లు కట్టే సూక్ష్మనాళికలను మొక్క కణంలో ఎవరూ సరిగా చూడనేలేదు. మరుసటి ఏడే లెడ్‌బెటర్, పోర్టర్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు, సరిగ్గా కవచం పక్కనే. బతికున్న కణంలో నాళికలనూ సెల్యులోజ్ యంత్రాలనూ కలిపి చూడటానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ఫిల్టర్ మార్చండి. అదే కణంలో నీలంగా వెలిగే నాళికలు. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పెట్టండి. చుక్కల దారులు నాళికల మీదే పడ్డాయి.

ధాన్యపు పురి కట్టడం చూసినవాళ్లకి పోగు ఏ దారిన పడుతుందన్నది ఎందుకు ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. లోపల గింజలు తోస్తుంటాయి, బయట చుట్టిన గడ్డితాడు పక్కకి ఉబ్బనివ్వదు. కణం లోపల నీటి ఒత్తిడి కారు టైరుని మించిపోతుంది. పోగులు అడ్డంగా చుట్టుకుంటే కణం పొడుగు సాగుతుంది. అడ్డదిడ్డంగా పడితే ఉబ్బుతుంది. కణకవచం అని పేరు పెట్టి మనం దాన్ని రాతిగోడ చేసేశాం గానీ, ఇది కణం పెరుగుతుండగానే చుడుతున్న తాడు.

ఇంకో మొలకని ఒరైజలిన్ కలిపిన నీటిలో ఉంచారు. కలుపుమందే అది, నాళికలను విప్పేస్తుంది. స్లైడు మార్చి చూడండి. నీలి గీతలు పోయాయి. పసుపు చుక్కల పాత వరసలు చెదిరిపోయాయి. చుక్కలు మాత్రం ఆగలేదు, తోపుడు ఉన్నంతసేపూ పోతూనే ఉన్నాయి.

లేజర్ కింద పసుపు వెలిసిపోతోంది. మరో రెండు నిమిషాలకి చుక్కకీ చీకటికీ తేడా తెలియదు. ప్లేటు ఇటివ్వండి. రేకు కింద ఇంకా డజను మొలకలున్నాయి.