డాస్ ఆటలు విండోస్‌లో ఎందుకు ఆగిపోయాయి?

డాస్ మీద నడిచే ఆటకు యంత్రమంతా తనదే. తెర మీద బొమ్మ గీయాలంటే వీడియో మెమరీలోకి నేరుగా రాసేది. శబ్దం రావాలంటే సౌండ్ బ్లాస్టర్ కార్డుకు తానే ఆజ్ఞ పంపేది. 1990లో డాస్‌కు వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 1993 నాటి డూమ్, మన ఊళ్ళ కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో ఫ్లాపీల మీద చేతులు మారిన డేంజరస్ డేవ్ ఈ కోవకు చెందినవే.

1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95 వీటిని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. దాని అడుగున డాస్ ఇంకా ఉంది. మొరాయించిన ఆట కోసం యంత్రాన్ని డాస్ మోడ్‌లో మళ్ళీ మొదలుపెట్టే వీలుండేది. అప్పటి చిక్కుల్లో ముఖ్యమైనది వేగం. టర్బో పాస్కల్‌లో రాసిన అనేక ప్రోగ్రాములు మొదలవగానే ప్రాసెసర్ వేగాన్ని కొలిచి, ఆ అంకెను 55తో భాగించేవి. ప్రాసెసర్లు సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటాక ఆ ఫలితం 16 బిట్లలో ఇమడక, 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అంటూ ఆగిపోయేవి.

ఆ తరవాతి కథను చాలామంది ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: 64 బిట్ల ప్రాసెసర్లు వచ్చాయి, 16 బిట్ల ఆటలు పోయాయి. ఇందులో కొంత నిజం ఉంది. విండోస్ ఎన్‌టీ కుటుంబంలో డాస్ ప్రోగ్రాములను నడిపే భాగం పేరు ఎన్‌టీవీడీఎం. ఇంటెల్ యంత్రాల మీద అది 80386తో వచ్చిన 'వర్చువల్ 8086' సదుపాయం మీద ఆధారపడింది. ఏఎండీ 2003లో ఆప్టెరాన్‌తో తెచ్చిన 64 బిట్ల విధానంలో ఆ సదుపాయం పనిచేయదు. 2005లో వచ్చిన 64 బిట్ల విండోస్ ఎక్స్‌పీలో ఎన్‌టీవీడీఎం లేనేలేదు.

అయినా ఈ వివరణ సరిపోదు. మొదటి అభ్యంతరం కాలానికి సంబంధించినది. ఆటలు దెబ్బతినడం 2001లో, 32 బిట్ల ఎక్స్‌పీతోనే మొదలైంది. ఇళ్ళలోని యంత్రాలకు ఎన్‌టీ పునాది వచ్చింది అప్పుడే. ఎన్‌టీ ఏ ప్రోగ్రామునూ హార్డ్‌వేర్‌ను నేరుగా ముట్టుకోనివ్వదు. సొంత ఇంటి యజమానిలా బతికిన ఆట ఒక్కసారిగా అద్దెకున్న మనిషి అయింది. ఎక్స్‌పీ సౌండ్ బ్లాస్టర్‌ను అరకొరగా అనుకరించేది. ఆ లోటును వీడీఎంసౌండ్ అనే ఉచిత ప్రోగ్రాం తీర్చేది. 2007లో విస్టా వచ్చాక కొత్త డిస్‌ప్లే డ్రైవర్లు డాస్ ప్రోగ్రాములకు పూర్తి తెరను నిరాకరించాయి. అది 32 బిట్ల విస్టాలోనూ జరిగింది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. 1990లలో ఎన్‌టీ ఇంటెల్ యంత్రాల మీదే కాక మిప్స్, ఆల్ఫా, పవర్‌పీసీ ప్రాసెసర్ల మీద కూడా నడిచింది. వాటిలో 8086 జాడే లేదు. అయినా డాస్ ప్రోగ్రాములు నడిచాయి. ఇన్‌సిగ్నియా సొల్యూషన్స్ సంస్థ రూపొందించిన సాఫ్ట్‌వేర్ ఇంటెల్ ప్రాసెసర్‌ను అక్కడ అనుకరించింది. అంటే హార్డ్‌వేర్ సాయం లేకుండా డాస్‌ను నడిపే విద్య మైక్రోసాఫ్ట్ చేతిలో పదేళ్ళ ముందే ఉంది. 64 బిట్ల విండోస్‌లో దాన్ని వాడకపోవడం అశక్తత కాదు, నిర్ణయం.

ఆ నిర్ణయానికి కారణాలు లేకపోలేదు. 1993 నుంచీ ఎన్‌టీలో దాగి ఉన్న ఒక భద్రతా లోపం 2010లో బయటపడింది. అది ఈ డాస్ భాగానికి సంబంధించినదే. పాత కోడ్‌ను మోసుకుపోవడంలో ప్రమాదం నిజమైనదే. ఆ బరువు దించుకోవడాన్ని తప్పు పట్టలేం. కానీ ఆ నిర్ణయాన్ని ప్రాసెసర్ మీదికి నెట్టడం చరిత్ర కాదు.

పరిష్కారం వచ్చిన తేదీ కూడా ఇదే చెబుతుంది. డాస్‌బాక్స్ 2002లో, అంటే 2005 నాటి 64 బిట్ల ఎక్స్‌పీ కంటే ముందే వెలువడింది. ఇద్దరు డచ్ ప్రోగ్రామర్లు మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాం ప్రాసెసర్, వీడియో కార్డు, సౌండ్ కార్డు అన్నిటినీ సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరిస్తుంది. వేగాన్ని తగ్గించుకునే వీలుండటంతో పాత వేగం చిక్కు కూడా తీరింది. 2008లో మొదలైన గాగ్ దుకాణం డాస్ ఆటలను చాలావరకు డాస్‌బాక్స్‌తో కలిపే అమ్మింది. స్వచ్ఛందంగా చేసిన పని ఒక వ్యాపారానికి పునాది అయింది. రెండో దారి ఆటను నడిపే ఇంజన్‌ను తిరిగి రాయడం. 2001లో స్కమ్‌వీఎం అనే ప్రోగ్రాం లూకాస్‌ఆర్ట్స్ ఆటలకు ఆ పని చేసింది. ఇడ్ సాఫ్ట్‌వేర్ 1997లో డూమ్ సోర్స్ కోడ్‌ను విడుదల చేయడం వల్ల ఆ ఆట నేడు దాదాపు ప్రతి యంత్రం మీదా నడుస్తోంది.

లోపాలు ఇంకా ఉన్నాయి. 320×200 చుక్కల బొమ్మ ఆనాటి మానిటర్ మీద 4:3 నిష్పత్తిలో కనిపించేది. సరైన అమరిక లేని చోట నేడు అది అణిగిపోయి కనిపిస్తుంది. అయినా డాస్ ఆటల స్థితి మెరుగే. నిజమైన కష్టం వాటి తరవాతి తరానిది. కాపీలను అడ్డుకునే సేఫ్‌డిస్క్ తాళంతో అమ్మిన ఆటలను విండోస్ 10 నడపనివ్వదు. 2015 సెప్టెంబరు భద్రతా మార్పుతో విస్టా, 7, 8లలోనూ ఆ తాళపు డ్రైవర్ ఆగిపోయింది. డబ్బు పెట్టి కొన్న అసలు డిస్కు చేతిలో ఉన్నా ఆట తెరుచుకోదు. అమెరికాలో విడుదలైన 2010కి ముందటి ఆటల్లో 87 శాతం మార్కెట్లో దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ తేల్చింది. అలాంటి ఆటలను పరిశోధకులకు దూరం నుంచి అందించేందుకు గ్రంథాలయాలు కోరిన అనుమతిని 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం తిరస్కరించింది.

సాంకేతికమైన ముడులు చాలావరకు విడిపోయాయి. మిగిలినవి తాళాలు, హక్కులు. అమ్మడం మానేసిన ఆట మీద తాళం తీసేయడం, వీలైతే సోర్స్ కోడ్ ఇవ్వడం ప్రచురణకర్తల బాధ్యత. 1997లో ఒక సంస్థ ఆ పని చేసి చూపింది, దానివల్ల ఆ ఆట విలువ తగ్గలేదు.