ఇస్మాయీల్, ఇష్మాయేలు: ఒకే పేరు, వేర్వేరు దారులు

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఒకే పేరు రెండు రకాలుగా వినబడుతుంది. మసీదు వీధిలో యాకూబ్, చర్చి వీధిలో యాకోబు. ఇక్కడ యూసుఫ్, అక్కడ యోసేపు. ఇక్కడ మర్యం, అక్కడ మరియమ్మ. మన ఇళ్లల్లో అఖీఖా ముందు "దానియాల్ వద్దు, అది కిరస్తానం పేరు" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. అందుకే ఈ పేర్ల తారీఖ్ కాస్త చూద్దాం.

ఇవి ఇబ్రానీ, అంటే హీబ్రూ పేర్లు. ఇబ్రానీ, అరబీ అక్కాచెల్లెళ్ల లాంటి జబాన్లు. అక్కడ 'ష' ఉన్నచోట ఇక్కడ తరచుగా 'స' వస్తుంది. వాళ్ల షాలోం మన సలాం. ఇష్మాయేలు మన ఇస్మాయీల్. మతలబ్ "దేవుడు వింటాడు". రుకూ నుంచి లేస్తూ మనం అనే 'సమిఅల్లాహు'లో ఉన్నది ఆ వినడమే. చివరి 'ఏల్' అంటే దేవుడు. మన 'ఇలాహ్' దానికి చుట్టం.

ఇస్‌హాఖ్ అంటే "నవ్వుతాడు". ఆ బిడ్డ ఖుష్‌ఖబరీ చెప్పే చోటే హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) భార్య నవ్విన సంగతి సూరా హూద్‌లో ఉంది. యాకూబ్ పేరును తౌరాత్ మడమతో ముడిపెడుతుంది. మడమను ఇబ్రానీలో అఖేవ్ అంటారు, అరబీలో అఖిబ్. జకరియ్యా అంటే "దేవుడు గుర్తుంచుకున్నాడు". మన జిక్ర్‌ది కూడా అదే వేరు. ఇక దానియాల్: "దేవుడే నా న్యాయాధికారి". రోజూ సూరా ఫాతిహాలో తీర్పు దినాన్ని 'యౌముద్దీన్' అంటాం కదా, ఆ 'దీన్'కూ ఈ పేరుకూ రిష్తా ఉంది.

మరి పలుకుబడి ఎందుకు మారింది? మన పేర్లు అరబీ, ఫార్సీ, ఉర్దూ మీదుగా వచ్చాయి. క్రైస్తవుల పేర్లు తెలుగు బైబిల్ నుంచి వచ్చాయి. 1842లో హేయర్ అనే లూథరన్ పాదిరీ అమెరికా నుంచి గుంటూరు వచ్చాడు. తర్వాత లూథరన్లు రేపల్లె వైపు, అమెరికన్ బాప్టిస్టులు బాపట్లలో మిషన్లు పెట్టారు. మాల మాదిగ వాడల్లో మతం మారినవాళ్లకు ఏసోబు, దావీదు అన్నవి ఉత్త పేర్లు కావు, ఇజ్జత్ కూడా.

మూడో దారి కూడా ఇక్కడే ఉంది. తెనాలికి ఎంతో దూరం లేని చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న తెలుగు యూదు జమాత్ ఉంది. మాదిగ కుటుంబాలు. క్రైస్తవం నుంచి యూదుమతం వైపు నడిచి, 1990ల మొదట్లో సొంత ఇబాదత్‌ఖానా పెట్టుకున్నారు. ఎఫ్రాయిం హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) కొడుకని, ఆ పేరుకు ఫలించడంతో సంబంధమని తౌరాత్ చెబుతుంది. తాము ఆ ఖబీలా వారసులమని వీళ్ల నమ్మకం. వీళ్ల 'బెనె', ఖురాన్‌లోని 'బనీ ఇస్రాయీల్'లో 'బనీ' ఒకటే: సంతానం.

అఖీదాల్లో ఫరక్ ఉంది, దాన్ని దాచక్కర్లేదు. కానీ పేరు ఎవరి జాగీరూ కాదు. మీ ఇంట్లో ఇస్మాయీల్, జకరియ్యా ఉంటే పిల్లలకు పేరుతోపాటు మతలబ్ కూడా చెప్పండి. స్కూల్లో పక్క బెంచీ మీద ఇష్మాయేలు కూర్చుంటే, వాడు పరాయివాడని మీ బిడ్డకు అనిపించదు, ఇన్షా అల్లాహ్.