ఔత్సాహిక ఖగోళ ఛాయాగ్రహణం: బస్తర్‌లోని తోంగ్‌పాల్ ఆకాశం

గ్రహాలు, నీహారికలు, తారాగుచ్ఛాలు వంటి ఆకాశ వస్తువులను కెమెరాతో చిత్రించడాన్ని ఖగోళ ఛాయాగ్రహణం అంటారు. వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రజ్ఞులు కానివారు సొంత పరికరాలతో ఈ పని చేపడితే అది ఔత్సాహిక ఖగోళ ఛాయాగ్రహణం అవుతుంది. ఇందుకు కావలసిన కెమెరాలు, దూరదర్శినులు, కంప్యూటర్లు నేడు నగరాల్లో సులభంగా లభిస్తున్నాయి. అక్కడ లభించనిది చీకటి మాత్రమే. ఆ చీకటి ఇంకా మిగిలి ఉన్న ప్రాంతాల్లో బస్తర్ ఒకటి.

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాకు చెందిన తోంగ్‌పాల్ 30వ జాతీయ రహదారిపై ఉంది. జగదల్‌పుర్ నుంచి సుక్మా, కుంట, భద్రాచలం మీదుగా విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం చేరే మార్గమిదే. ఈ ప్రాంతం చుట్టూ అడవులు, కొండలు, చిన్న పల్లెలు ఉన్నాయి. పెద్ద నగరం ఏదీ దరిదాపుల్లో లేదు.

గ్రహాలకు నగరమైనా చాలు

ఖగోళ ఛాయాగ్రహణంలో రెండు ప్రధాన మార్గాలున్నాయి. గ్రహాల చిత్రణ మొదటిది. గురుడు, శని, అంగారకుడు ప్రకాశవంతమైనవి కావడంతో వీధిదీపాల వెలుగు వాటిని మరుగుపరచలేదు. హైదరాబాద్‌లోని మేడ మీద నుంచి కూడా వాటిని చక్కగా చిత్రించవచ్చు. ఇక్కడ ఎదురయ్యే ఆటంకం గాలి కదలిక. వాతావరణంలోని వేడి, చల్లని పొరలు కలగలిసినప్పుడు గ్రహబింబం నీటి అడుగున ఉన్న నాణెంలా వణుకుతుంది. పైగా ఆ బింబం చాలా చిన్నది. గురుడు భూమికి బాగా దగ్గరైనప్పుడు సైతం దాని వ్యాసం సుమారు 50 ఆర్క్‌సెకన్లే. ఇది చంద్రబింబ వ్యాసంలో 36వ వంతు.

అందువల్ల గ్రహాన్ని ఒక్క ఫొటోగా కాక వీడియోగా తీస్తారు. వేల ఫ్రేముల్లో గాలి నిలకడగా ఉన్న క్షణాలకు చెందిన వాటిని మాత్రమే ఏరి, ఆటోస్టాకర్ట్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఒకదానిపై ఒకటి పేరుస్తారు. గురుడు 10 గంటల లోపే తన చుట్టూ తాను తిరుగుతాడు. కనుక వీడియో కొన్ని నిమిషాలు మించితే ఉపరితల వివరాలు చెదిరిపోతాయి.

ఇటువంటి చిత్రాలు శాస్త్రానికీ తోడ్పడతాయి. 2009 జులై 19న గురుడిపై ఏర్పడిన కొత్త మచ్చను తొలుత గుర్తించినది ఆస్ట్రేలియాకు చెందిన ఔత్సాహికుడు ఆంథొనీ వెస్లీ. ఏదో వస్తువు గురుడిని ఢీకొనడం వల్లనే ఆ మచ్చ ఏర్పడినట్లు తరువాత తేలింది.

నీహారికలకు చీకటే మూలధనం

రెండవ మార్గం నీహారికలు, తారాగుచ్ఛాలు, పాలపుంత చిత్రణ. వీటిలో అధికభాగం అతి మసకగా ఉంటాయి. నగర ఆకాశం చీకటి ఆకాశం కన్నా పది రెట్లకు పైగా వెలుగుతూ ఉండవచ్చు. ఆ వెలుగులో నీహారిక అంచులు కలిసిపోతాయి. ఆకాశపు చీకటిని అంచనా వేసేందుకు అమెరికా ఔత్సాహికుడు జాన్ బోర్టల్ 2001లో తొమ్మిది తరగతుల కొలమానాన్ని ప్రతిపాదించారు. ఒకటవ తరగతి అత్యంత చీకటి ఆకాశాన్ని, తొమ్మిదవది మహానగర కేంద్రాన్ని సూచిస్తాయి.

భూభ్రమణం వల్ల ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతున్నట్లు కనిపిస్తుంది. ముక్కాలిపీటపై కదలకుండా నిలిపిన కెమెరాలో కొద్ది సెకన్లకే నక్షత్రాలు గీతలుగా సాగుతాయి. 500 అనే సంఖ్యను లెన్సు నాభ్యంతరంతో భాగించి ఎక్స్‌పోజర్ సెకన్లను అంచనా వేయడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆ లెక్కన 50 మిల్లీమీటర్ల లెన్సుకు 10 సెకన్లు. అంతకు మించి తీయాలంటే ఆకాశంతోపాటు కెమెరాను తిప్పే ట్రాకర్ అవసరం.

ఒకే దృశ్యాన్ని పదులు, వందల సార్లు తీసి డీప్‌స్కైస్టాకర్, సిరిల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిపితే చిత్రంలోని రేణువులు తగ్గుతాయి. అయితే నాణ్యత రెట్టింపు కావాలంటే ఎక్స్‌పోజర్ కాలం నాలుగు రెట్లు కావాలి. నగరంలో ఎన్నో రాత్రులు శ్రమిస్తే వచ్చే ఫలితం చీకటి ప్రాంతంలో కొద్ది గంటల్లోనే లభించడానికి కారణం ఇదే.

అక్షాంశం ఇచ్చిన అనుకూలత

తోంగ్‌పాల్ సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. దక్షిణాకాశంలోని అనేక వస్తువులు ఇక్కడి నుంచి అందుబాటులోకి వస్తాయి. సుమారు కోటి నక్షత్రాలు గల ఒమేగా సెంటారీ గోళాకార గుచ్ఛం లండన్‌లో ఎన్నడూ ఉదయించదు. దిల్లీలో దిగంతానికి 14 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. తోంగ్‌పాల్‌లో దాదాపు 24 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. కరీనా నీహారిక 11 డిగ్రీలకు మించి లేవదు కనుక దక్షిణ దిక్కు తెరిపిగా ఉండాలి. ఓరియన్ నీహారిక 66 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. తెలుగు పల్లెల్లో పిల్లలకోడిగా పిలిచే కృత్తికలు దాదాపు నడినెత్తిన సాగుతాయి.

ఇదే అక్షాంశం ఒక చిక్కునూ తెస్తుంది. ట్రాకర్‌ను ధ్రువ నక్షత్రం వైపు సరిచూడాలి. అది ఇక్కడ దిగంతానికి 19 డిగ్రీల ఎత్తులోనే ఉండటంతో చెట్లు, కొండలు సులభంగా అడ్డుపడతాయి. కనుక అడవి నడుమ కంటే ఉత్తర, దక్షిణ దిక్కులు తెరిపిగా ఉన్న కోతలు ముగిసిన పొలం మేలు.

ఏ కాలంలో ఏమి చిత్రించవచ్చు

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి వరకు రుతుపవన మేఘాలు ఆకాశాన్ని కప్పి ఉంచుతాయి. పాలపుంత కేంద్రభాగం అర్ధరాత్రి నడిమింటికి చేరేది జూన్ చివరలోనే. అందువల్ల దానిని ఫిబ్రవరి, మార్చి నెలల్లో తెల్లవారుజామున గాని, అక్టోబరులో చీకటి పడిన వెంటనే గాని చిత్రించాలి. డిసెంబరు, జనవరి నెలలు ఓరియన్ నీహారికకు, కృత్తికలకు అనువైనవి. ఆ రోజుల్లో లెన్సుపై మంచు పడుతుంది కాబట్టి దానిని కొద్దిగా వెచ్చగా ఉంచే పట్టీ వాడతారు.

మార్చి, ఏప్రిల్ నెలలు ఇప్పపూల కాలం. రాలిన పూలు ఏరుకునేందుకు చెట్ల కింద ఎండుటాకులను కాల్చడం బస్తర్‌లో పరిపాటి. ఆ పొగ దిగంతం వద్ద పొరలా నిలుస్తుంది. దక్షిణాన తక్కువ ఎత్తులో ఉండే వస్తువులకు ఇది ప్రతిబంధకం. ఏ కాలంలోనైనా అమావాస్యకు అటూ ఇటూ ఉన్న రాత్రులనే ఎంచుకోవాలి.

తెలుగునేలపై పూర్వులు

సొంత ధనంతో ఆకాశాన్ని పరిశీలించే సంప్రదాయం తెలుగునేలకు కొత్త కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత వేధశాలను నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని కొనసాగించి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడాన్ని పరిశీలించారు. అంతకుముందు 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని బ్రిటిష్ సైనికాధికారి జేమ్స్ టెనెంట్ బృందం గుంటూరులో ఫొటోలు తీసింది.

హైదరాబాద్‌లో నిజామియా వేధశాలకు 1901లో అంకురార్పణ చేసిన నవాబ్ జఫర్ జంగ్ సైతం ఔత్సాహికుడే. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. ఫొటోల ద్వారా ఆకాశ పటాన్ని రూపొందించే అంతర్జాతీయ కృషిలో ఆ వేధశాల పాలుపంచుకుంది. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడిగా హైదరాబాద్‌లో పెరిగిన వేణు బప్పు, 1949 జులైలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగా, తాను తీసిన ఫొటో ఫలకంపై కొత్త తోకచుక్కను కనుగొన్నారు. అది బప్పు-బోక్-న్యూకర్క్ తోకచుక్కగా పేరొందింది.

బస్తర్‌లో రాత్రి వేళ

తోంగ్‌పాల్ పరిసరాలు దీర్ఘకాలం మావోయిస్టు హింసను చవిచూశాయి. 2014 మార్చి 11న ఈ ప్రాంతంలోని తహక్‌వాడా వద్ద జరిగిన దాడిలో 15 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. రాత్రివేళ తెలియనివారు పొలంలో పరికరాలు నిలపడం ఇటువంటి చోట అనుమానాలకు దారితీయవచ్చు. గ్రామ పెద్దలకు, పోలీసు ఠాణాకు ముందుగా తెలియజేయడం, అటవీ భూమి అయితే అటవీ శాఖ అనుమతి పొందడం తప్పనిసరిగా భావించాలి. నక్షత్రాలను చూపే ఆకుపచ్చ లేజర్‌ను వాడకపోవడమే క్షేమం.

ఆకాశాన్ని చదవడం ఇక్కడి ప్రజలకు తెలియని విద్య కాదు. మధ్య భారత గోండుల నక్షత్ర గాథలను పరిశోధకులు నమోదు చేశారు. సప్తర్షి మండలంలోని నాలుగు నక్షత్రాలను వారు మంచంగాను, మిగిలిన మూడింటిని దానిని ఎత్తుకుపోవాలని చూసే దొంగలుగాను చెప్పుకుంటారు. కెమెరాతో వచ్చినవారు గ్రామస్థులకు తెరపై నీహారికను చూపించి, వారి గాథలను కూడా విని వెళ్లడం ఉచితం.

దీపం నేలకు, చీకటి నింగికి

చీకటి ఆకాశాన్ని కాపాడే ప్రయత్నాలు దేశంలో మొదలయ్యాయి. లద్దాఖ్‌లోని హన్లేను 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024 జనవరిలో చీకటి ఆకాశ ఉద్యానంగా అంతర్జాతీయ గుర్తింపు లభించింది.

విద్యుత్తు ఆలస్యంగా చేరిన పల్లెలను చీకటిలోనే ఉండమనడం న్యాయం కాదు. పాము, ఎలుగుబంటి సంచరించే దారిలో దీపం అత్యవసరం. అయితే దీపానికి పైకప్పు అమర్చి వెలుగును నేలకే పరిమితం చేస్తే, తెల్లని కాంతికి బదులు పసుపు ఛాయ గల బల్బును వాడితే దారీ కనిపిస్తుంది, పాలపుంతా కనిపిస్తుంది. దీపాలు నిలిపేనాడే ఈ జాగ్రత్త తీసుకుంటే అదనపు వ్యయం స్వల్పం. నగరాలు ఈ అవకాశాన్ని ఏనాడో చేజార్చుకున్నాయి. తోంగ్‌పాల్ వంటి ప్రాంతాలకు అది ఇంకా మిగిలే ఉంది.