ఆఫీసు కార్టూన్ చరిత్ర

ఉద్యోగుల రోజువారీ బతుకును, పైవాళ్ల చేతగాని పెత్తనాన్ని నవ్విస్తూ చూపే బొమ్మలను ఆఫీసు కార్టూన్లు అంటారు. ఒకే గడిలో ముగిసేది ఒంటి కార్టూన్. అవే పాత్రలతో మూడు నాలుగు గడుల్లో రోజూ నడిచేది కార్టూన్ స్ట్రిప్. అమెరికా, యూరప్, జపాన్‌లలో ఈ హాస్యం స్ట్రిప్‌గా పెరిగింది. తెలుగులో ఎక్కువగా ఒంటి కార్టూన్‌గానే నిలిచింది. ఎవరిని చూసి నవ్వుతున్నామన్నది కూడా దీంతోపాటే మారిపోయింది.

తొలి స్ట్రిప్‌లు

అమెరికాలో 1930లో చిక్ యంగ్ మొదలుపెట్టిన 'బ్లాండీ' ప్రధానంగా ఇంటి కథ. అయితే అందులోని భర్త డాగ్‌వుడ్‌కు ఒక ఆఫీసు ఉంది, అక్కడ జీతం పెంచమంటే మండిపడే డిథర్స్ అనే యజమాని ఉన్నాడు. 1957 ఫిబ్రవరి 28న బెల్జియం వారపత్రిక 'స్పిరూ'లో ఆంద్రే ఫ్రాంకాన్ సృష్టించిన గాస్టన్ కనిపించాడు. అతను ఆ పత్రిక ఆఫీసులోనే పనిచేసే కుర్రాడు. పని తప్ప అన్నీ చేస్తాడు. 1960ల మొదట్లో లండన్‌లో ఫ్రాంక్ డికెన్స్ గీయడం ఆరంభించిన 'బ్రిస్టో' దాదాపు నలభై ఏళ్లు నడిచింది. బ్రిస్టో ఒక పెద్ద కంపెనీ కొనుగోళ్ల విభాగంలో గుమాస్తా, ప్రమోషన్ వరుసలో పద్దెనిమిదోవాడు. జపాన్‌లో 'అసాహి షింబున్' దినపత్రిక 1965 నుంచి 1991 దాకా 'ఫుజి సాంతారో' అనే మామూలు ఉద్యోగి కథను పాఠకులకు అందించింది.

వీటన్నిటిలో ఉద్యోగి మీద జాలి ఉంది, యజమాని మీద కోపమూ ఉంది. ఆఫీసు ఎందుకు ఇలా నడుస్తోందన్న ప్రశ్న మాత్రం బలంగా రాలేదు. ఆ ప్రశ్నను ముందుగా రచనలు వేశాయి. పని ఎంత ఉన్నా లేకున్నా సిబ్బంది పెరుగుతూనే ఉంటారని 1955లో బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ ఒక వ్యాసంలో రాశాడు. బాగా పనిచేసేవాణ్ని పైకి పంపుతూ పోతే, చివరికి తనకు చేతకాని కుర్చీలో కూర్చుని అక్కడే ఉండిపోతాడని 1969లో లారెన్స్ పీటర్, రేమండ్ హల్ తమ పుస్తకంలో సూత్రీకరించారు. సీనియారిటీ ప్రకారం ప్రమోషన్లు వచ్చే మన ఆఫీసుల్లో పనిచేసినవారికి ఈ సూత్రాన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

డిల్బర్ట్

ఆఫీసు ఎందుకు ఇలా నడుస్తోందన్న ప్రశ్నను రోజువారీ బొమ్మగా మార్చినవాడు స్కాట్ ఆడమ్స్. మొదట శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక బ్యాంకులో, తర్వాత పసిఫిక్ బెల్ టెలిఫోన్ కంపెనీలో ఉద్యోగం చేశాడు. 1989 ఏప్రిల్ 16న 'డిల్బర్ట్' మొదలైనప్పుడు కూడా ఉద్యోగం వదల్లేదు. 1995 దాకా పగలు ఆఫీసు, తెల్లవారుజామున బొమ్మలు. మొదట్లో స్ట్రిప్‌లో ఇల్లు, కుక్క, వింత ఆవిష్కరణలే ఎక్కువ. 1993లో గడుల మధ్య తన ఈమెయిల్ చిరునామా అచ్చువేశాక ఉత్తరాలు వెల్లువెత్తాయి. తమకు ఆఫీసు బొమ్మలే కావాలని పాఠకులు రాశారు. ఆడమ్స్ ఆ మాట విన్నాడు, కథ పూర్తిగా ఆఫీసుకు మారింది. ఈ రంగంలో ఇంతకంటే తెలివైన నిర్ణయం మరొకటి కనబడదు.

బొమ్మ చాలా సాదా. డిల్బర్ట్‌కు సాధారణంగా నోరు ఉండదు, కళ్లద్దాల వెనక కళ్లుండవు, చాలా ఏళ్లు టై కొస పైకి వంగి ఉండేది. అతని బాస్‌కు అసలు పేరే లేదు. తొలి బొమ్మల్లో ఆ బాస్ మామూలు లావుపాటి మనిషి. పోనుపోనూ రెండు చెవుల పైన జుట్టు కొమ్ముల్లా లేచింది. కాఫీ కప్పు పట్టుకుని తిరుగుతూ ఏ పనీ చేయని వాలీ ఒక నిజమైన సహోద్యోగిని చూసి పుట్టిన పాత్ర. బాగా పనిచేయనివారిని డబ్బిచ్చి పంపించే పథకం కంపెనీ పెడితే, ఆ డబ్బు కోసం కావాలనే చెడ్డపేరు తెచ్చుకోవడానికి కష్టపడిన మనిషి అతను. వాలీ సోమరితనం వెనక ఒక పిచ్చి నిబంధన ఉందన్నమాట. స్ట్రిప్ బలమంతా ఇక్కడే ఉంది. సోమరిని చూపిస్తూ, సోమరిని తయారుచేసే వ్యవస్థను పట్టిస్తుంది.

1996లో అశోక్ వచ్చాడు. ఐఐటీలో చదివిన భారతీయుడు, అందరికంటే తెలివైనవాడు, చేసేది ఇంటర్న్ కొలువు. అదే ఏడాది ఆడమ్స్ రాసిన 'డిల్బర్ట్ ప్రిన్సిపుల్' పుస్తకం పీటర్ సూత్రాన్ని తిరగేసింది. చేతకానివాళ్లను తక్కువ నష్టం చేసే చోటికి, అంటే మేనేజ్‌మెంట్‌లోకి నేరుగా పంపేస్తారని దాని వాదన. ఉచ్చదశలో ఈ స్ట్రిప్ సుమారు 2,000 పత్రికల్లో వచ్చింది.

ఆఫీసు గోడలకు డిల్బర్ట్ కత్తిరింపులు అంటించడం ఉద్యోగుల మౌన నిరసనగా మారింది. 2007లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక ఉద్యోగి, నిర్ణయాలు తీసుకునేవారిని తాగిన లెమూర్లతో పోల్చిన స్ట్రిప్‌ను నోటీసు బోర్డుకు అంటించి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అతనికి నిరుద్యోగ భృతి ఇవ్వాల్సిందేనని తీర్పు వచ్చింది. దీనికి ఎదురుగా ఇంకో వాదన కూడా ఉంది. కంపెనీలే డిల్బర్ట్‌ను ఇష్టంగా వాడుకున్నాయని, ఉద్యోగి కోపాన్ని నవ్వుగా కరిగించేసి యజమానులకు మేలే చేసిందని నార్మన్ సోలమన్ 1997లో ఏకంగా ఒక పుస్తకం రాశాడు. ఆ విమర్శలో నిజం ఉంది. అయినా బాస్ తప్పును బాస్ తప్పుగా గుర్తుపట్టడం కోట్లమందికి నేర్పింది ఈ స్ట్రిప్పే. 2023 ఫిబ్రవరిలో ఆడమ్స్ నల్లజాతివారిపై చేసిన జాత్యహంకార వ్యాఖ్యలతో పత్రికలు డిల్బర్ట్‌ను వదిలేశాయి. అది సరైన నిర్ణయమే.

తెలుగులో

తొలి తెలుగు కార్టూనిస్టుగా పేరొందిన తలిశెట్టి రామారావు 1896 మే 20న పుట్టారు. ఆ తేదీనే తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా జరుపుకుంటారు. తర్వాత బాపు (1933–2014) గీత కార్టూన్‌ను ఇంటింటికీ చేర్చింది. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, స్వాతి వంటి పత్రికలు పేజీల మధ్య కార్టూన్లకు చోటిచ్చాయి. గీసేవారిలో చాలామంది ఉద్యోగులే. మాటల్లేని కార్టూన్లకు పేరుపొందిన జయదేవ్ చెన్నైలో జంతుశాస్త్ర అధ్యాపకులుగా పనిచేశారు.

ఈ కార్టూన్లలో ఆఫీసు దృశ్యం పాఠకులందరికీ తెలిసిందే. పెద్ద టేబుల్, వెనక బట్టతల మేనేజరు, ఎదురుగా చేతులు కట్టుకున్న గుమాస్తా. నాయనమ్మ పోయిందని మళ్లీ సెలవు చీటీ. ఫైళ్ల గుట్టను తలగడ చేసుకుని కునుకు. ఇవి నవ్విస్తాయి, కాదనలేం. కానీ నవ్వు ఎక్కువగా గుమాస్తా మీదే పడుతుంది, మేనేజరు తిట్టే గొంతుగా మిగిలిపోతాడు. ఫైలు అన్ని టేబుళ్లు ఎందుకు తిరుగుతోంది, ఆ పద్ధతి పెట్టిందెవరు అన్న సంగతి ఒక్క గడిలో ఇమడదు. దానికి రోజూ వచ్చే పాత్రలు కావాలి.

తెలుగులో అలాంటి స్ట్రిప్ పెద్దగా రాకపోవడానికి ఒక కారణం ఉంది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వోద్యోగి ప్రభుత్వ నిర్ణయాలను పత్రికల్లో విమర్శించకూడదు. లోపలి సంగతి తెలిసినవాడి చేతులు కట్టేసి ఉన్నాయి. ఇటు దినపత్రికల రాజకీయ కార్టూన్లు, 1981 నుంచి ఈనాడులో శ్రీధర్ గీసినవాటితో సహా, మంత్రుల మీదే గురిపెట్టాయి. మంత్రికీ గుమాస్తాకూ నడుమ కూర్చున్న అధికారి రెండువైపులా తప్పించుకున్నాడు.

తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో ఈ లోటు బాగా తెలుస్తుంది. నిజాం కాలం నుంచి ఇక్కడ ఆఫీసంటే దఫ్తర్, భూమి లెక్కలంటే పట్వారీ. 1984లో పట్వారీలు పోయారు. తర్వాత వచ్చిన వీఆర్వోలను 2020లో తీసేశారు. అదే ఏడాది అక్టోబరులో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. మధ్యలో 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడదీసి కామారెడ్డి జిల్లా ఏర్పాటు చేశారు, ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది, 2021లో కామారెడ్డికి కొత్త కలెక్టరేట్ వచ్చింది. మార్పు వచ్చిన ప్రతిసారీ సిబ్బంది కొత్త పద్ధతి నేర్చుకోవాలి, రైతు మళ్లీ కాగితాలు పట్టుకుని నిలబడాలి. డిల్బర్ట్ కంపెనీలో మాటిమాటికీ జరిగే పునర్వ్యవస్థీకరణలు గుర్తొస్తాయి. ఇంత సరుకున్నా ఇది బొమ్మల్లోకి పెద్దగా ఎక్కలేదు.

1998 నవంబరు 22న హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక తెలుగు ఉద్యోగికి కొత్త ఆఫీసు దొరికింది. అప్రైజల్, బెంచ్, ఆన్‌సైట్, టీమ్ లీడ్ ఇంటి మాటలయ్యాయి. ఈ బాధలు ఇప్పుడు బ్రహ్మానందం ముఖంతో ఫోన్లలో తిరిగే మీమ్‌లుగా వస్తున్నాయి. అవి చురుకైనవే, కానీ రేపటికి మిగలవు. మీమ్‌లో ముఖం అరువుది, కాబట్టి ఏళ్లతరబడి మనతో పెరిగే పాత్ర పుట్టదు.

తెలుగు దినపత్రికలు రోజుకు మూడు గడుల చోటు ఇస్తే ఈ లోటు తీరుతుంది. కథలకు కొదవ లేదు. కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసి పదవీ విరమణ చేసిన సూపరింటెండెంట్లు, గిర్దావర్లు తమకు తెలిసింది చెప్పాలి. బొమ్మలు వేయగల కుర్రాళ్లు వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోవాలి.